ఆదివారం సుట్టి తెచ్చిన లోఖండే గారు

ఆదివారం పొద్దున గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి కామాటిపుర గల్లీల వైపు నడిస్తే మన మాట వినబడుతుంది. సంఘం మీటింగు, పెళ్లి మాటలు, ఊరి నుంచి వచ్చినవాళ్లతో ముచ్చట్లు, అన్నీ మనం ఆదివారానికే పెట్టుకుంటాం. మన నోటీసుల్లో వేరే వారం కనబడేది తక్కువ. కానీ మనవాళ్లు మొదట మిల్లు గేటు తొక్కిన కాలంలో ఆ ఆదివారం లేదు. దాన్ని సాధించిన వాళ్లకు ముందు నిలబడిన మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన మరాఠీ ఆయన, పూలమాలి కులస్థుడు. మగ్గం మీద కూర్చున్నవాడు కాదు. అయినా మన వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలని మేము అనుకున్నాం. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

లోఖండే 1848లో ఠాణేలో పుట్టారు. కుటుంబం పుణె జిల్లా కన్హేర్‌సర్ నుంచి వచ్చింది. పేదరికం వల్ల చదువు మెట్రిక్ దగ్గరే ఆగింది. కొన్నాళ్లు రైల్వేలో, కొన్నాళ్లు పోస్టాఫీసులో పనిచేసి, తర్వాత మాండ్వీలో ఒక మిల్లులో స్టోర్ కీపరుగా చేరారు. స్టోర్ కీపరంటే కాలర్ ఉద్యోగమే. కానీ అక్కడ కూర్చుంటే లోపలికి పోయేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు, దెబ్బ తగిలి మోసుకొచ్చేవాళ్లు, అందరూ కళ్ల ముందే ఉంటారు.

ముంబైలో మొదటి బట్టల మిల్లును కావస్జీ దావర్ అనే పార్సీ సేటు 1854లో తలపెట్టారు. అది మన గ్రాంట్ రోడ్ పక్కనే, తాడ్‌దేవ్‌లో. పాతికేళ్లలో మిల్లులు పరేల్ దాకా పాకాయి. కొంకణ్ నుంచి, ఘాట్ మీది పల్లెల నుంచి మరాఠీవాళ్లు వచ్చారు. ఉత్తరాది నుంచి మోమిన్ నేతగాళ్లు వచ్చి మదన్‌పురాలో దిగారు. తెలంగాణ నుంచి కామాటీలు మొదట కట్టుబడి పనులకు వచ్చారు, వాళ్ల వెనకాల నేత తెలిసినవాళ్లూ దారి పట్టారు. అందరికీ ఒకటే లెక్క: పొద్దు పొడవక ముందు లోపలికి, పొద్దుగూకినాక బయటికి. ఆదివారం మిల్లు ఆగినా మిషన్లు తుడవడానికి సగం రోజు రావాల్సిందే.

అప్పటికే ముంబైలో మన తెలుగువాళ్లు కొందరు జోతిరావు ఫూలే గారికి దగ్గరయ్యారు. వెంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు, వీళ్లు కాంట్రాక్టు పనుల్లో పైకొచ్చిన కామాటిపుర పెద్దలు. 1873లో పుణెలో పుట్టిన సత్యశోధక సమాజానికి ముంబైలో అండ వీళ్లే. సమాజానికి అచ్చుయంత్రం కొనిచ్చినదీ మన తెలుగు పెద్దలే. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు, మాకూ చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. అదే సమాజం మనిషి లోఖండే. 1880లో మిల్లు ఉద్యోగం వదిలేసి, పుణెలో ఆగిపోయిన దీనబంధు పత్రికను ముంబైకి తెచ్చి నడిపారు.

మరి మిల్లు కూలీలకు వారానికి ఒక రోజు సెలవు అడగడం అంత కష్టమా? ఇప్పుడు చిన్న విషయంలా కనబడుతుంది. అప్పుడు దాని చుట్టూ ఎంతమంది ఉన్నారో చూడండి. ఇంగ్లాండులో మాంచెస్టర్ మిల్లు యజమానులు ఇండియాలో ఫ్యాక్టరీ చట్టం రావాలని ఒత్తిడి చేస్తున్నారు. కూలీల మీద ప్రేమతో కాదు, ఇక్కడి బట్ట ఖరీదు పెరిగితే వాళ్ల బట్ట అమ్ముడుపోతుందని. అది చూసి మన దేశాభిమానులు, వాళ్ల పత్రికలు చట్టమంటేనే మన మిల్లులను ముంచే కుట్ర అన్నారు. సేట్లకు ఆ మాట కలిసొచ్చింది. సర్కారు రెండు పక్కలా చూసి 1881లో ఒక చట్టం చేసింది. అది పిల్లలకే, అదీ నూరు మంది పైన ఉన్న ఫ్యాక్టరీల్లోనే. పెద్దవాళ్ల గంటల గురించి ఒక్క ముక్క లేదు. కూలీల్లోనూ ఒక మాట లేదు. నేత ఖాతావాళ్లకు పగారు నేసిన బట్టను బట్టి. మిల్లు ఒక రోజు ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. పీస్ లెక్కన సాంచాలు నడిపే భీవండి కుటుంబాలకు ఈ భయం మేము విడమరిచి చెప్పనక్కర్లేదు.

లోఖండే చేసిన పని, ఈ గుంపుల్లో ఎవరినీ శత్రువుగా పక్కకు తోసెయ్యకుండా కూలీల మాటను అందరి ముందూ పెట్టడం. 1884 సెప్టెంబరులో పరేల్‌లో, బైకుల్లాలో సభలు పెట్టారు. అక్కడ తేలిన కోరికలు ఐదే. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అర్ధగంట విరామం, పొద్దున ఆరున్నర నుంచి పొద్దుగూకే దాకానే పని, ముందు నెల పగారు పదిహేనో తారీఖు లోపల, పనిలో దెబ్బ తగిలినవాడికి నయమయ్యే దాకా పూర్తి పగారు, అవిటివాడైతే బతుకుతెరువు. అయిదున్నర వేల మంది ఆ కాగితం మీద సంతకాలో వేలిముద్రలో వేశారు. ముంబై మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ అప్పటిదే. దేశంలో కార్మిక సంఘమని చెప్పుకునేవాటిలో మొదటి వరసలో దాని పేరు ఉంటుంది.

ఆ ఏడాది ముంబై సర్కారు వేసిన కమిషన్ ముందుకు ఆ కోరికలు వెళ్లాయి. వెంటనే ఏమీ రాలేదు. ఏళ్లు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి రేసుకోర్సు మైదానంలో సుమారు పదివేల మంది కూడారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ కాలంలో ఆడవాళ్లు అంత జనం ముందు నిలబడటం మామూలు సంగతి కాదు. ఈసారి అర్జీ నేరుగా మిల్లు యజమానుల సంఘానికే పోయింది. మాకు ఇదే తెలివైన పనిగా కనబడుతుంది. ఒక్క సేటు సుట్టి ఇస్తే పక్క సేటు ఆ రోజు బట్ట తీసి లాభపడతాడు, అందుకని ఒక్కడూ ఇవ్వడు. అందరూ కలిసి ఒప్పుకుంటేనే జరిగే పని అది. పైగా కలకత్తా, లండన్ల నుంచి గట్టి చట్టం రాబోతోందని సేట్లకూ తెలుసు. 1890 జూన్ 10న యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది.

ఆదివారమే ఎందుకంటే ఖండోబా వారమని కూడా చెబుతారు. మన కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాలు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అదే ఏడాది భారత సర్కారు ఫ్యాక్టరీ కమిషన్ వేసింది. అందులో పార్సీ పెద్దమనిషి సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ సభ్యుడు. కూలీలకు చట్టం కావాలని లోఖండే కన్నా ముందు నుంచీ పోరుతున్న మనిషి ఆయన. కూలీల తరఫున లోఖండే ఆ కమిషన్‌కు తోడ్పడ్డారు. 1891లో కొత్త చట్టం వచ్చింది. వారానికో రోజు సెలవు, మధ్యాహ్నం అర్ధగంట విరామం, ఆడవాళ్లకు రోజుకు పదకొండు గంటలు మించని పని, తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు పనే లేదు. మగవాళ్ల గంటలకు మాత్రం హద్దు పెట్టలేదు. ఐదు కోరికల్లో దక్కింది సగమే అని ఒప్పుకోవాలి. దెబ్బ తగిలినవాడి పరిహారం చట్టంగా రావడానికి 1923 దాకా ఆగాల్సి వచ్చింది.

1893 ఆగస్టులో ముంబైలో హిందూ ముస్లిం అల్లర్లు లేచాయి. మిల్లు వాడల్లో పక్కపక్క మగ్గాల మీద నేసేవాళ్లే ఒకరినొకరు చూసి భయపడ్డారు. లోఖండే బైకుల్లా రాణీబాగ్‌లో రెండు పక్కల కూలీలనూ కూడగట్టి శాంతి సభ జరిపారు. రావు బహద్దూర్ బిరుదు ఆ తర్వాత వచ్చింది.

ఆయన సంఘంలో లోటు లేదని మేము అనము. సభ్యుల పట్టీ లేదు, చందా లేదు, రాసుకున్న నియమాలు లేవు. ఆ సంగతి సర్కారు రిపోర్టులోనే ఎక్కింది. మనిషి మీద నిలబడిన సంఘం మనిషితోనే పలచబడింది. మన ఫెడరేషన్‌లో చందా రసీదు అడిగితే విసుక్కునేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

1896లో ప్లేగు మాండ్వీలో మొదలైంది. ఒకప్పుడు ఆయన స్టోర్ కీపరుగా కూర్చున్న వాడ అది. చాళ్లు ఖాళీ అయ్యాయి, మిల్లు జనం ఊళ్లకు పారిపోయారు. లోఖండే పోలేదు. రోగుల కోసం తిరుగుతూ ఆయనకూ ప్లేగు తగిలింది. 1897 ఫిబ్రవరి 9న కన్ను మూశారు, యాభై కూడా నిండలేదు. నెల తర్వాత పుణెలో, ప్లేగు రోగులకే సేవ చేస్తూ, సావిత్రిబాయి ఫూలే గారూ పోయారు.