చిరిగిన బూట్ల కుర్రాడు.. తుపాకులకు కళ్లెం వేశాడు!

1913 సెప్టెంబరు. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రి శవాగారం. గూడ్సు రైలు కింద పడి చనిపోయిన ఓ మనిషి శవం దాదాపు రెండు వారాలుగా దిక్కులేకుండా పడి ఉంది. నావాడని వచ్చినవాళ్లు లేరు. ఇక అనాథ శవాలను పాతిపెట్టే చోటికి పంపేయడమే తరువాయి. ఆఖరి నిమిషంలో అక్కడున్న ఓ పోలీసు ఆ ముఖంకేసి తేరిపార చూశాడు. అంతే.. నిర్ఘాంతపోయాడు. ఆ ఊళ్లో ఆయన్ని ఎరగనివాళ్లెవరు? ఆయన బిగ్ టిమ్!

ఆ మర్నాటికల్లా వార్త ఊరంతా పాకిపోయింది. అంత్యక్రియలకు పాతిక వేలమంది తరలివచ్చారు. పెద్ద పెద్ద నాయకుల పక్కనే చిరుగుల కోట్ల కూలీలు, బిచ్చగాళ్లు, జూదగాళ్లు నడిచారు. అనాథగా పోవలసిన మనిషి వెనక అంత జనం ఎందుకు నడిచినట్టు? ఆ సంగతి తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తల్లి కష్టం చూసిన బిడ్డ

టిమొతీ సలివాన్ 1862లో న్యూయార్క్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఐర్లండ్‌లోని కెర్రీ జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో నగరంలోకెల్లా నిరుపేద వాడ అయిన ఫైవ్ పాయింట్స్‌లో కాపురం. టిమ్ పసితనంలోనే తండ్రి పోయాడు. నలుగురు పిల్లలతో తల్లి కాథరిన్ ఒంటరిదైంది. కొన్నాళ్లకి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ వచ్చినవాడేమో తాగుబోతు! సంపాదించింది సంపాదించినట్టే తాగేసేవాడు. పిల్లలు మాత్రం పెరుగుతూ పోయారు.

ఇక చేసేదేముంది? ఏడెనిమిదేళ్ల టిమ్ వీధిన పడ్డాడు. పత్రికలు అమ్మాడు. పెద్దమనుషుల బూట్లు తుడిచాడు. వచ్చిన చిల్లర తెచ్చి అమ్మ చేతిలో పోసేవాడు. అతని అక్కచెల్లెళ్లు కూడా ఆడుకునే వయసులోనే పనికి పోవలసి వచ్చింది. ఇంట్లో సారా చేసిన చేటు కళ్లారా చూశాడేమో, తర్వాత తనే సారా దుకాణాలు నడిపినా జీవితాంతం చుక్క ముట్టలేదు. పొగ కూడా తాగలేదు.

ఒక శీతాకాలం.. టిమ్ చిరిగిన బూట్లతో బడికి వచ్చాడు. అది చూసి టీచరమ్మ మనసు కరిగింది. వార్డు నాయకుడి మనిషికి చీటీ రాసి పంపి, అతనికి కొత్త బూట్లు ఇప్పించింది. ఆ జత బూట్లను టిమ్ మరిచిపోలేదు. పెద్దవాడై డబ్బు చూశాక ఏటా చలికాలంలో పేదలకు వేల జతల బూట్లు, మేజోళ్లు పంచేవాడు. క్రిస్మస్ వస్తే బోవరీ వీధిలో నిలువ నీడలేని వాళ్లకు వేలమందికి భోజనాలు!

మంచీ చెడూ రెండూ..

అయితే ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. టిమ్ ‘టామనీ హాల్’ మనిషి. అంటే డెమొక్రాటిక్ పార్టీ పేరున న్యూయార్క్‌ను గుప్పిట పెట్టుకున్న ముఠా అన్నమాట. పేదవాడికి బొగ్గులు, బూట్లు, ఉద్యోగం ఇప్పించడం, ఎన్నికల్లో ఓట్లు దండుకోవడం.. ఇదీ వాళ్ల పద్ధతి. టిమ్ చుట్టూ రౌడీలుండేవారు. జూదం పిచ్చి వల్ల సంపాదించిందంతా గుర్రప్పందాల్లో ఊడ్చిపెట్టుకుపోయింది. ఇంటి సంగతి చూస్తే అదీ అంతే. భార్య హెలెన్‌తో కాపురం నిలవలేదు. ఊరందరి కష్టం విన్న మనిషి ఇంటి ఇల్లాలి కష్టం వినలేకపోయాడు.

ఇరవై నాలుగేళ్లకే, 1886లో రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికయ్యాడు. 1889లో సభకు ఓ బిల్లు వచ్చింది. ఒకసారి శిక్షపడినవాడిని పోలీసులు ఎప్పుడైనా అనుమానంతో పట్టుకెళ్లొచ్చని దాని సారాంశం. టిమ్ గట్టిగా అడ్డుపడ్డాడు. పోలీసు పెద్దకి కోపమొచ్చింది. టిమ్ దొంగలతో తిరిగేవాడంటూ పత్రికలకెక్కాడు. మర్యాదగల ఇళ్లనుంచి వచ్చిన సభ్యులు ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు టిమ్ లేచి నిలబడి తన కథంతా చెప్పుకొచ్చాడు. తండ్రి లేని ఇల్లు, తల్లి పడ్డ కష్టం, తను అమ్మిన పత్రికలు.. ఏదీ దాచలేదు. సభ అంతా కదిలిపోయింది.

పోలీసుల చేతికి అధికారం ఇవ్వొద్దన్న ఆ మనిషే ఇరవై రెండేళ్లు తిరిగేసరికి, తుపాకి ఎవరి దగ్గరుండాలో పోలీసులే తేల్చాలన్నాడు. ఎందుకని?

ఆరు గుండ్లు

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో జేబులో పట్టే పిస్తోలు కొనడం కూరగాయలు కొన్నంత తేలిక. అడిగేవాడు లేడు. 1910 ఆగస్టులో నగర మేయర్ గేనర్‌ను, ఉద్యోగం పోయిన ఒకతను కాల్చాడు. గొంతులో దిగిన గుండుతోనే ఆయన మూడేళ్లు బతికాడు. 1911 జనవరి 23న పట్టపగలు గ్రామర్సీ పార్క్ దగ్గర డేవిడ్ గ్రాహం ఫిలిప్స్ అనే పేరున్న నవలా రచయితను ఒక వయొలిన్ విద్వాంసుడు ఆరుసార్లు కాల్చి, తనూ కాల్చుకున్నాడు. కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఫిలిప్స్ నవలలోని ఓ పాత్ర తన చెల్లెల్ని ఎగతాళి చేయడానికే రాశాడని అతని భ్రమ! రచయితకి ఆ అమ్మాయి ఎవరో కూడా తెలియదు. మర్నాడు ఆయనా కన్నుమూశాడు.

అంతకుముందూ హత్యలు జరక్కపోలేదు. కానీ పోయినవాళ్లు పేదవాడల్లోని వాళ్లు. ఈసారి గుండు పెద్దవాళ్ల వీధిలో పేలింది. అందుకే అంత అలజడి. శవ పంచాయతీ చేసే కార్యాలయంలో ఉద్యోగి జార్జ్ లె బ్రూన్ రోజూ ఆ శవాల లెక్కలు చూసి విసిగిపోయినవాడు. ఇదే సమయమని ఊళ్లో పెద్దలందరికీ ఉత్తరాలు రాశాడు, చట్టం కావాలన్నాడు. బిల్లును భుజాన వేసుకున్నది మాత్రం సెనేటర్ సలివానే.

సభలో పెద్ద చర్చ

1911 మే నెల. రాష్ట్ర రాజధాని ఆల్బనీ. సెనేట్‌లో బిల్లు చర్చకొచ్చింది. దాచుకోవడానికి వీలైన చిన్న తుపాకి ఏదైనా సరే, లైసెన్సు ఉంటేనే ఇంట్లో ఉంచుకోవాలి. లైసెన్సు లేకుండా జేబులో పెట్టుకుని వీధిలోకొస్తే పెద్ద నేరం. అమ్మేవాడు కొన్నవాడి వివరాలు పుస్తకంలో రాసి ఉంచాలి. ఇదీ బిల్లు.

వ్యతిరేకుల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. దొంగ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకుంటాడా? పక్క రాష్ట్రానికి వెళ్లి కొనుక్కొస్తాడు. చివరికి చేతులు కట్టేసేది బుద్ధిమంతులకే కదా అన్నారు. తుపాకులు తయారుచేసేవాళ్లకీ, అమ్మేవాళ్లకీ సరేసరి.. కడుపుమంట!

టిమ్ తన పేటలో రోజూ చూస్తున్నదే చెప్పాడు. కాకలుతీరిన దొంగలు చట్టానికి లొంగరని ఆయనకీ తెలుసు. ఆయన బెంగంతా మిగతావాళ్ల గురించి. తాగిన మైకంలోనో, ఉడుకు రక్తంలోనో జేబులో చెయ్యి పెట్టే కుర్రాళ్ల గురించి. జేబులో ఏమీ లేకపోతే పిడిగుద్దులతో పోయే తగాదా, పిస్తోలుంటే శవంతో ముగుస్తుంది. ఈ చట్టం వస్తే పూజారులు పదేళ్లు చెప్పే ధర్మపన్నాల కన్నా ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని ఆయన వాదం. ఓట్ల లెక్క తేలింది. సెనేట్‌లో వ్యతిరేకించినవాళ్లు ఐదుగురే! గవర్నర్ డిక్స్ సంతకం చేశాడు. 1911 ఆగస్టు 31న చట్టం అమల్లోకొచ్చింది. ఆయన పేరునే సలివాన్ చట్టమన్నారు.

గిట్టనివాళ్లు ఊరుకుంటారా? తన మాట వినని రౌడీలను లోపలేయించడానికే ఇదంతా అన్నారు. జేబులో పోలీసులే పిస్తోలు పెట్టి కేసు కడతారన్న భయంతో కొందరు రౌడీలు కోటు జేబులే కుట్టించేసుకున్నారని చెప్పుకునేవారు. అమలులో పక్షపాతమూ లేకపోలేదు. మొదట్లో శిక్షపడ్డవాళ్లలో ఇటలీనుంచి వలస వచ్చిన కూలీలున్నారు. అధికారం పోలీసుల చేతికి వెళితే దెబ్బ ముందు ఎవరికి తగులుతుందో 1889లో టిమ్ చెప్పినట్టే అయింది!

పడవ దిగి పరుగో పరుగు

మరో ముచ్చట చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. అదే 1911లో మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. తలుపు తాళం వేసి ఉండటంతో 146 మంది చనిపోయారు. ఎక్కువమంది మిషను కుట్టుకునే ఆడపిల్లలే. కిటికీల్లోంచి దూకి చచ్చిపోతున్న వాళ్లని వీధిలో నిలబడి చూసిన వాళ్లలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఒకరు. ఆడవాళ్ల చేత వారానికి 54 గంటలకు మించి పని చేయించరాదన్న బిల్లు కోసం ఆమె ఆల్బనీలో సభ్యుల చుట్టూ తిరిగేది.

1912లో సమావేశాల ఆఖరి ఘడియలు. ఓటింగ్ జరుగుతోంది. రెండు ఓట్లు తక్కువ! టిమ్, ఆయన దాయాది క్రిస్టీ అప్పటికే రాత్రి పడవెక్కడానికి రేవుకు వెళ్లిపోయారు. కబురు అందగానే ఇద్దరూ వెనక్కి తిరిగి కొండ ఎక్కి పరుగెత్తుకుంటూ వచ్చి ఓటేశారు. బిల్లు గట్టెక్కింది. తన సోదరి కూడా చిన్నతనంలోనే పనికి పోవలసి వచ్చిందనీ, ఆ పిల్లల్ని చూస్తే జాలేస్తుందనీ ఆయన పెర్కిన్స్‌తో ముందే అన్నాడట. ఆ పెర్కిన్సే 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయింది. ఆ దేశ మంత్రివర్గంలో మొదటి మహిళ!

ఇంకో సంగతి గమనించారా? తుపాకులపైనా, ఆడవాళ్ల పనిగంటలపైనా చర్చ జరిగిన ఆ సభలో ఒక్క ఆడమనిషీ లేదు. ఓటే లేనప్పుడు సీటెక్కడిది? ఆడవాళ్లకు ఓటు ఉండాలని టిమ్ కూడా అన్నాడు. కానీ న్యూయార్క్‌లో అది వచ్చింది 1917లో. 1918లో ఇద్దరు మహిళలు తొలిసారిగా అసెంబ్లీకి గెలిచారు. అది చూడ్డానికి ఆయన లేడు.

అదే తారీకు..

1912లోనే ఆయనకి మతి చలించింది. ఆ ఏడాది పార్లమెంటుకు ఎన్నికైనా వెళ్లి కూర్చోలేకపోయాడు. తమ్ముడి ఇంట్లో కాపలా మధ్య ఉంచారు. 1913లో ఒక రాత్రి కాపలావాళ్ల కళ్లుగప్పి బయటపడ్డాడు. రైలు పట్టాల మీద ప్రాణం పోయింది. ఆ రోజు ఆగస్టు 31. తన చట్టం అమల్లోకొచ్చి సరిగ్గా రెండేళ్లు!

ఆ చట్టం మాత్రం నూరేళ్లు దాటి నిలిచింది. 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు దానికి గండి కొట్టింది. తుపాకి పట్టుకు తిరగడానికి ప్రత్యేక కారణం చూపాలన్న నిబంధన చెల్లదంది. అంతకు నెల ముందే, మే 14న అదే రాష్ట్రంలోని బఫెలోలో సరుకులు కొనడానికి వెళ్లిన పదిమంది ఓ దుండగుడి తుపాకికి బలైపోయారు. ఆల్బనీలో సభ మళ్లీ ప్రత్యేకంగా కూర్చుంది. మళ్లీ అవే వాదనలు.. దొంగ లైసెన్సు తీసుకుంటాడా అని ఒకరు, కుర్రాడి జేబు సంగతేమిటని ఇంకొకరు. జూలై 1న కొత్త చట్టం వచ్చింది. దానిమీద సంతకం పెట్టింది కాథీ హోకుల్, న్యూయార్క్‌కు మొదటి మహిళా గవర్నర్.

టిమ్ మంచివాడా, చెడ్డవాడా అంటే తేల్చి చెప్పడం కష్టమే. కానీ ఒక్కటి మాత్రం నిజం. చట్టసభలో లేచి మాట్లాడినప్పుడల్లా ఆయన తను పుట్టిన వీధిని వెంటబెట్టుకునే వెళ్లాడు. అమ్మ పడ్డ కష్టం, సోదరి చేసిన కూలి, చలిలో తడిసిన కాళ్లు.. ఇవన్నీ ఆయన ఓటులో కలిసి ఉన్నాయి. అంత్యక్రియల నాడు అంత జనం ఎందుకొచ్చారంటారా? వాళ్లలో చాలామంది కాళ్లకున్న బూట్లు ఆయనిచ్చినవే మరి!