గౌహర్ జాన్: కంఠమునకు రూపము

గ్రామఫోను మన దేశమునకు క్రొత్తగా వచ్చిన దినములలో ప్లేటునకు బొమ్మల అట్ట లేదు. సాదా కాగితపు సంచి, ప్లేటు నడుమ గుండ్రని చీటీ, ఆ చీటీపై కంపెనీ గుర్తగు దేవదూత బొమ్మ, పాడినవారి పేరు; అంతే. పాటకు తగిన చిత్రమును అట్టపై అచ్చువేయు పద్ధతి అమెరికాలో 1940 ప్రాంతమునగాని ఊపందుకొనలేదు. అంతకు చాల ముందే, తన్ను చూచి యెఱుగని శ్రోతల మనస్సులలో తన రూపమును నిలిపిన గాయని గౌహర్ జాన్.

ఆమె 1873లో ఆజంగఢ్‌లో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏంజెలీనా. తండ్రి ఆర్మీనియా సంతతివాడు. దంపతులు విడిపోయిన పిమ్మట తల్లి విక్టోరియా బిడ్డతో కాశీ చేరి, ఇస్లాము మతము స్వీకరించి, మల్కా జాన్ అను పేర గాయనిగా, కవయిత్రిగా ప్రసిద్ధి గాంచెను. 1883లో ఆ తల్లీకూతుళ్లు కలకత్తాకు తరలిరి.

1902 నవంబరులో లండన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ చేత పాడించెను. మైక్రోఫోను లేని కాలమది. పెద్ద బాకా వంటి గొట్టమునకు ముఖము చేర్చి పాడవలెను. తీరికగా విస్తరించు ఖయాలును మూడు నిమిషములలో ముగింపవలెను. ఎందఱో ఉస్తాదులు సందేహించిన ఆ పనిని ఆమె లీలగా సాధించెను. పాట ముగియగనే ఆంగ్లమున తన పేరు బిగ్గరగా చెప్పెడిది. మైనపు పలకలు జర్మనీలోని హానోవరునకు పోయి ప్లేట్లుగా తయారగుచుండెను. ఏ పాట ఎవరిదో అచ్చటి పనివారికి తెలియుటకే ఈ ఏర్పాటు. కాని అవసరమునకు పుట్టిన ఆ మాటయే ఆమె ముద్ర యయ్యెను. పేరు చెప్పునప్పటి ఆ ధీమా శ్రోతకు సగము బొమ్మను చూపెను.

మిగిలిన సగమును ఫొటోలు చూపెను. పాడవచ్చిన ప్రతిసారి ఆమె క్రొత్త దుస్తులు ధరించెడిదనియు, ఒకే నగను రెండుమార్లు పెట్టుకొనలేదనియు గైస్‌బర్గ్ తన స్మృతులలో వ్రాసికొనెను. ప్లేటులో నగ కనబడదు గదా! అయినను ఆ వైభవము వ్యర్థము కాలేదు. నగలతో మెఱయు ఆమె చిత్రము తపాలా కార్డులపైకి, ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెలపైకి ఎక్కెను. ప్లేటు కొనజాలని పేదవాడును ఆ ముఖము నెఱుగును. తవాయిఫును గడప దాటనీయని గృహస్థు సైతము ఆమె ప్లేటును నట్టింట పెట్టుకొనెను. ఈ వింతయందు న్యాయము లేదు. ఆమె కీర్తికి మాత్రము అదియే త్రోవ యయ్యెను.

1911లో ఢిల్లీ దర్బారున అలహాబాదు జానకీబాయితో కలసి చక్రవర్తి యెదుట పాడెను. తరువాతి కథ బొమ్మలో లేదు. నమ్మి చేపట్టినవానితో వ్యాజ్యములు వచ్చెను, ఆస్తి కరిగెను. అగ్గిపెట్టెపై రాణివలె కూర్చున్న ఆమె, వయసు మళ్లిన పిమ్మట కొలువు వెదకికొనవలసి వచ్చెను. 1928లో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు ఆమెను ఆస్థాన గాయనిగా నియమించెను. రెండేండ్లయినను గడువకమునుపే, 1930 జనవరి 17న, ఆమె ఆ నగరముననే కన్నుమూసెను.