రోగం రాకముందే నర్సు రావాలి: ఫ్లోరెన్స్ నైటింగేల్ నేర్పిన పాఠం

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం పట్టుకున్న నర్సమ్మ గుర్తొస్తుంది. మన నర్సింగ్ కాలేజీల్లో చేరిన ఆడపిల్లలు ఆమె పేరు మీదే దీపం వెలిగించి ప్రమాణం చేస్తారు. కానీ యుద్ధ ఆసుపత్రిలో ఆమె గడిపింది రెండేళ్లు కూడా కాదు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికింది. ఆ కాలమంతా ఆమెను పట్టి ఉంచిన ప్రశ్న ఒక్కటే: జనం అసలు మంచాన పడకుండా చూడటం ఎలా?

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, బాగా డబ్బున్న ఇంగ్లీషు కుటుంబంలో పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. నర్సు పని చేస్తానంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. అప్పట్లో గౌరవమైన ఇళ్ల ఆడవాళ్లు చేసే పని కాదది. అయినా పట్టు వదల్లేదు. జర్మనీ వెళ్లి పని నేర్చుకుంది.

1854లో బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది. తుర్కుల వైపు నిలబడి బ్రిటిష్ సైన్యం రష్యాతో పోరాడింది. గాయపడ్డ సిపాయిలను ఇస్తాంబుల్ దగ్గర స్కుటారిలో, ఉస్మానియా సుల్తాన్ ఇచ్చిన పెద్ద బారక్‌లో ఉంచారు. 38 మంది నర్సులతో ఆమె అక్కడికి చేరింది. శుభ్రత, తిండి, బట్టలు అన్నీ చక్కదిద్దింది. అయినా ఆ చలికాలంలో చావులు ఆగలేదు. 1855 మార్చిలో వచ్చిన అధికారులు భవనం కింద మురుగు కాలువలు కడిగించి, గాలి ఆడేలా చేశాకే చావులు బాగా తగ్గాయి.

యుద్ధం అయ్యాక లెక్కలు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. తూటాల కంటే రోగాలతో పోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. నర్సు ఎంత ప్రేమగా చూసుకున్నా, నీళ్లు, గాలి, మురుగు బాగోకపోతే ప్రాణం నిలవదని ఆమెకు తేలిపోయింది. 1859లో ఆమె రాసిన నర్సింగ్ పుస్తకం కూడా ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ల కోసమే. 1860లో లండన్‌లో నర్సింగ్ బడి పెట్టించింది.

హిందుస్థాన్‌కు ఆమె ఎప్పుడూ రాలేదు. ఆరోగ్యం దెబ్బతిని ఎక్కువ కాలం మంచం మీదే ఉంది. అయినా ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి కాగితాలు తెప్పించుకుని చదివింది. బ్రిటిష్ సిపాయిల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని చూపించింది. శుభ్రత పనులు మొదలయ్యాక పదేళ్లలో ఆ సంఖ్య 18కి దిగింది.

1876 - 78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడింది. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలోవి. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో అదొకటి. ఆ రోజుల్లో ఆమె ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, రైతుల అప్పుల గురించీ సాగునీటి గురించీ పత్రికల్లో రాసింది. కాటన్ గట్టిగా కోరుకున్న కర్నూలు - కడప కాలువే నేటికీ నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ వైపు పొలాలకు నీళ్లిస్తోంది. కడుపుకి తిండి లేని మనిషికి ఆరోగ్యపాఠం ఎక్కదన్నది ఆమె వాదన.

1892లో ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్‌లో ఆమె కొత్త పని మొదలుపెట్టించింది. పల్లె ఇళ్లకు వెళ్లి ఆరోగ్యం గురించి చెప్పే ఆడవాళ్లకు శిక్షణ అది. డాక్టరు పాఠం చెప్పేవాడు. ఆ తర్వాత వాళ్లను ఇళ్లకు తీసుకెళ్లి చూపించేవాడు. పుస్తకం చదివి పరీక్ష పాసైతే చాలదని ఆమె పట్టుబట్టింది. తల్లి పక్కన కూర్చోవాలి, ఆమె ఇబ్బంది ముందు వినాలి, పెద్దరికం చూపించకూడదు. రోగికి సేవ చేయడం ఒక విద్య, ఆరోగ్యం కాపాడటం ఇంకో విద్య అని 1893లో ఒక వ్యాసంలో విడదీసి చెప్పింది.

మన దేశంలోనూ ఇదే జరగాలని కోరింది. పర్దాలో ఉండే ఆడవాళ్ల దగ్గరికి మగ డాక్టరు మాట చేరదని ఆమెకు తెలుసు. అందుకే జనానాలో చదువుకోడానికి వీలుగా, తేలిక మాటల్లో ఆరోగ్య పుస్తకాలు రావాలని వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్‌కు సలహా ఇచ్చింది. ఇక్కడి భాష, ఇక్కడి పద్ధతులు తెలిసిన ఆడవాళ్లే ఈ పనికి తగినవాళ్లని నమ్మింది.

చివరి ఏళ్లలో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న కన్నుమూసింది.

ఇప్పుడు నర్సింగ్ చదివే పిల్లలకు ఇళ్లకు వెళ్లి చూడటం చదువులో భాగం. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలో ఒక స్టూడెంటు సలాం చెప్పి లోపలికి వెళ్తే, ఆ ఇంటి అమ్మీతో ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడగలదు. నీళ్లు కాచి తాగడం, విరేచనాలైతే ఓఆర్‌ఎస్ కలపడం, గర్భిణికి ఐరన్ మాత్రలు, బిడ్డకు టీకాలు... ఇవన్నీ వంటింట్లో కూర్చుని చెప్పాల్సిన మాటలే. మన ఇళ్లలో ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే వెనకాడే పెద్దలు ఇంకా ఉన్నారు. నైటింగేల్ ఇంట్లోనూ అలాగే వెనకాడారు. ఆ చదువు ఆసుపత్రికి ఎంత అవసరమో, మన సొంత గడపకూ అంతే అవసరం.