నడిచే ఇంజనుకు నూనె పోసినవాడు

పోయిన దాళ్వా దమ్ముల్లో మా ట్రాక్టరు ఇంజను పట్టేసింది. ఆయిలు మార్చకుండా నెలల తరబడి నడిపిన తప్పు మాదే. మెకానిక్ ఇంజను విప్పి, సిలిండరు అడుగున వంకరగా ఉన్న చిన్న గొట్టం ఒకటి చూపించాడు. దాని రంధ్రం మడ్డితో మూసుకుపోయింది. పిస్టను అడుగుభాగానికి నూనె చిమ్మి చల్లబరిచే గొట్టమట అది. బి.ఎస్సీ. చదువుతున్నానన్న మాటే గాని, అలాంటిది ఒకటుందని నాకు అంతవరకు తెలియదు.

ఆ సంగతేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే వ్యవహారం రేసుకార్ల దాకా పోయింది. టర్బోఛార్జరు సిలిండర్లోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ, వేడీ ఎక్కువ. అల్యూమినియం మిశ్రమంతో చేసిన పిస్టను వేడికి మెత్తబడుతుంది. అందుకని రేసు ఇంజను కట్టేవాళ్ళు బ్లాకులో నూనె ప్రవహించే దారికి రంధ్రాలు తొలిచి, ఒక్కో సిలిండరు కింద ఒక్కో చిమ్మనగొట్టం బిగిస్తారు. బిగించాక క్రాంకుని చేత్తో చుట్టూ తిప్పి చూసుకోవాలి. కిందికి దిగిన పిస్టను గాని, క్రాంకు బరువులు గాని గొట్టానికి తగిలాయో, అంతా ముక్కలే. గొట్టం లోపల చాలావాటిలో ఒక గోళీ, స్ప్రింగు ఉంటాయి. ఒత్తిడి చాలినంత పెరిగితేనే గోళీ జరిగి నూనె ధార కడుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు బేరింగులకు దక్కాల్సిన నూనె ఇటు పోదు. అంటే నూనె ఎప్పుడు కావాలో ఇంజనే చూసుకుంటుందన్నమాట.

ఇంజను చేత ఇంజనుకే నూనె పోయించాలన్న ఈ ఆలోచన వెంట వెనక్కి పోతే ఎలైజా మెకాయ్ కనబడ్డాడు. ఆయన చేసినది ఈ గొట్టం కాదు. ఆయన ఆ పని మొదలుపెట్టే నాటికి మోటారు కార్లే లేవు.

మెకాయ్ 1844లో కెనడాలోని ఒంటారియోలో, కోల్చెస్టర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జార్జి, మిల్‌డ్రెడ్ అమెరికాలోని కెంటకీలో బానిసలు. అక్కడినుంచి రహస్యంగా తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చి, సేద్యం చేసుకుని బతికారు. అలాంటివాళ్ళు పదిహేనేళ్ళ కొడుకుని సముద్రం దాటించి, స్కాట్లండులోని ఎడిన్‌బరోకి ఇంజనీరింగు నేర్చుకోమని పంపారు! కొడుకుని పట్నం కాలేజీలో చేర్చడానికే మా ఇంట్లో ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నారో నాకు తెలుసు. వాళ్ళు ఎన్ని వేసుకున్నారో!

మెకానికల్ ఇంజనీరై తిరిగొచ్చి మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో ఉన్న తనవాళ్ళను చేరుకున్నాడు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్డులో ఉద్యోగానికి వెళితే, నల్లవాడు గనక ఇంజనీరు పని ఇవ్వలేదు. బొగ్గు వేసే ఫైర్‌మన్ పని, నూనె పోసే పని ఇచ్చారు. బండి ఇరుసుకి కందెన పెట్టిన వాళ్ళకి ఆ పనేమిటో కొంత తెలుస్తుంది. కాకపోతే ఎడ్లబండికి పొద్దున ఒకసారి పెడితే సరి. రైలింజను అలా కాదు. కొంతదూరం పోగానే ఆగాలి, మనిషి దిగి చుట్టూ తిరిగి నూనె పోయాలి, మళ్ళీ బయల్దేరాలి.

ఆ నూనె డబ్బా పట్టుకునే ఆయన ఆలోచించాడు. 1872 జులై 23న తొలి పేటెంటు వచ్చింది. నెంబరు 1,29,843. సిలిండరు మీద ఒక నూనె కప్పు. ఇంజనులోని ఆవిరి ఒత్తిడే దాని కవాటాన్ని తెరుస్తుంది, నూనె లోపలికి దిగుతుంది. బండి ఆపక్కర్లేదు. ఆ సంవత్సరమే ఆయన మొదటి భార్య పోయింది. మరుసటి ఏడు మేరీ డెలానీని పెళ్ళాడాడు.

తనంతట నూనె పోసుకునే పరికరం ఆయనదే మొదటిది కాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ 1860లోనే ఒకటి చేశాడు. అసలు సిసలు సరుకుని ఇంగ్లీషువాళ్ళు ‘రియల్ మెకాయ్’ అనడం ఈయన వల్లనేనని ఒక కథ ఉంది గాని, అలాంటి మాట స్కాట్లండులో 1856 నాటికే ఉంది. కథ తీసేసినా మనిషి తగ్గడు. మొత్తం యాభైకి పైగా పేటెంట్లు, ఎక్కువ భాగం నూనె గురించే. మడత పెట్టే ఇస్త్రీబల్ల కూడా ఒకటుంది. డబ్బు కోసం చాలా హక్కులు అమ్ముకున్నాడు, అందుకే తయారైన సరుకు మీద చాలాసార్లు ఆయన పేరే ఉండేది కాదు. బొగ్గు పని ఇవ్వబట్టే ఇంతవాడయ్యాడని చెప్పేవాళ్ళుంటారు. నాకా మాట గిట్టదు. ఇంజనీరుగా పెట్టుకుని ఉంటే ఇంకెన్ని చేసేవాడో!

డెబ్భై దాటాక కూడా ఆగలేదు. అత్యధిక వేడి ఆవిరితో నడిచే కొత్త ఇంజన్లలో మామూలు నూనె నిలవదు. నూనెలో గ్రాఫైటు పొడి కలిపి, అది గొట్టాలకు అడ్డుపడకుండా పంపే పరికరానికి 1915లో పేటెంటు తీసుకున్నాడు. 1920లో, డెట్రాయిట్‌లో, మొదటిసారిగా తన పేరుతోనే కంపెనీ పెట్టాడు. రెండేళ్ళకే కారు ప్రమాదం జరిగింది. ఆ దెబ్బలతోనే మేరీ చనిపోయింది, ఆయనా కోలుకోలేదు. 1929 అక్టోబరు 10న ఎలోయిజ్ అనే చోట, దిక్కులేనివాళ్ళని చేర్చుకునే ఆసుపత్రిలో కన్నుమూశాడు.

2012లో అమెరికా పేటెంటు కార్యాలయం డెట్రాయిట్‌లో శాఖ తెరిచినప్పుడు దానికి ఎలైజా మెకాయ్ పేరు పెట్టారు.