వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి (ఆగష్టు 8, 1921 - మే 28, 2001) ప్రముఖ భారతీయ వైద్య శాస్త్రవేత్త, రోగ నిర్ధారణ శాస్త్ర నిపుణుడు, పోషకాహార పరిశోధకుడు. ఈయన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) సంచాలకుడిగా, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) డైరెక్టర్ జనరల్‌గా పనిచేశాడు. మనుషులపై జరిపే వైద్య పరిశోధనలకు భారతదేశంలో మొట్టమొదటి జాతీయ నైతిక విధాన ప్రకటన ఈయన మండలికి అధిపతిగా ఉన్న కాలంలోనే వెలువడింది.

బాల్యం, విద్య

రామలింగస్వామి శ్రీకాకుళంలో జన్మించాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తిచేశాడు. తరువాత ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి 1951లో డి.ఫిల్. పట్టా పొందాడు.

పరిశోధనలు

ఈయన పరిశోధనా జీవితం నీలగిరులలోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయంలో మొదలైంది. ఆ సంస్థే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా మారింది. మాంసకృత్తుల లోపం వలన శరీరంలో కలిగే మార్పులను ఈయన అధ్యయనం చేశాడు.

1956లో హిమాలయ పర్వత పాదాలలోని కాంగ్రా లోయలో ఈయన, సహచరులు చేపట్టిన గళగండ వ్యాధి అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక మండలానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. 1962 నాటికి అయోడిన్ ఉప్పు వాడిన మండలాలలో వ్యాధి బాగా తగ్గింది. మామూలు ఉప్పు వాడిన మండలంలో తగ్గలేదు. ఫలితం స్పష్టమైన తరువాత ఆ మూడవ మండలానికి కూడా అయోడిన్ ఉప్పును అందించారు. మేలు చేస్తుందని రుజువైన దానిని పోలిక కోసం కొందరికి ఇవ్వకుండా ఎంతకాలం ఉండవచ్చుననే ప్రశ్న ఇటువంటి అధ్యయనాలన్నింటిలోనూ ఎదురవుతుంది. 1962లోనే భారత ప్రభుత్వం జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

1980 నైతిక విధాన ప్రకటన

1969 నుండి 1979 వరకు ఎయిమ్స్ సంచాలకుడిగా ఉన్న రామలింగస్వామి, 1979లో వైద్య పరిశోధన మండలి బాధ్యతలు స్వీకరించాడు. పరిశోధన ప్రణాళికను ఒక స్వతంత్ర సంఘం ముందుగా పరిశీలించాలని ప్రపంచ వైద్య సంఘం 1975లో హెల్సింకి ప్రకటనకు చేసిన సవరణలో పేర్కొంది. ఈ నేపథ్యంలో జస్టిస్ హన్స్‌రాజ్ ఖన్నా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసులతో మండలి 1980 ఫిబ్రవరిలో తన విధాన ప్రకటనను విడుదల చేసింది. పరిశోధనలో పాల్గొనేవారికి విషయం వివరించి సమ్మతి పొందాలని, సంస్థలు నైతిక సంఘాలను (ఎథిక్స్ కమిటీలను) ఏర్పాటు చేసుకోవాలని అది నిర్దేశించింది. అయితే దానికి చట్టబద్ధత లేదు. పాటించడం ఆయా సంస్థల విచక్షణకే మిగిలింది.

పటాన్‌చెరు వివాదం

ఈ లోపం ఎంతటిదో కొద్ది సంవత్సరాలకే బయటపడింది. 1980ల మధ్యలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందుపై మండలి ప్రయోగాలు జరుపుతున్నది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఈ మందును ఇవ్వడానికి స్త్రీలను సమీకరించినపుడు, అది ప్రయోగమని గాని, దాని దుష్ఫలితాలను గాని వారికి తెలుపలేదని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంస్థ ఆక్షేపించింది. ఆ సంస్థ, మరికొందరు కలిసి 1986లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. సమ్మతి నియమాన్ని ప్రకటించిన మండలి పరిశోధనపైనే ఈ ఆక్షేపణ రావడం గమనార్హం. రామలింగస్వామి 1986లో పదవీ విరమణ చేశాడు.

అనంతర పరిణామాలు

మండలి 2000లో జస్టిస్ ఎం.ఎన్.వెంకటాచలయ్య అధ్యక్షతన ఏర్పడిన సంఘం రూపొందించిన విస్తృత మార్గదర్శకాలను వెలువరించింది. వాటిని 2006లోను, 2017లోను సవరించింది. 2010లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసిన అధ్యయనం సమ్మతి విషయమై వివాదాస్పదమై నిలిచిపోయింది. ఔషధ ప్రయోగాలను సమీక్షించే నైతిక సంఘాలకు 2013లో నమోదు తప్పనిసరి అయింది. 2019 నియమావళితో ఇతర జీవవైద్య, ఆరోగ్య పరిశోధనలను సమీక్షించే సంఘాలు కూడా ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావలసి వచ్చింది. 1980లో విచక్షణకు వదిలిన విషయం నియమంగా మారడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

చివరి దశ, గౌరవాలు

1994లో సూరత్‌లో ప్లేగు ప్రబలినపుడు దానిపై ఏర్పడిన సాంకేతిక సలహా సంఘానికి రామలింగస్వామి అధ్యక్షత వహించాడు. దక్షిణాసియాలో పిల్లల పోషకాహార లోపానికి స్త్రీల హీనస్థితి ఒక మూలకారణమని వివరిస్తూ 1996లో సహరచయితలతో కలిసి వ్రాసిన వ్యాసం విస్తృత చర్చకు దారితీసింది. ఈయనకు 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1971లో పద్మభూషణ్ లభించాయి. 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 2001, మే 28న ఢిల్లీలో మరణించాడు.