రథపతి పురుషోత్తమదేవుడు

ఉద్యోగరీత్యా బైలడిల్లా గనులకో, జగదల్‌పురమునకో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు అచ్చటి దసరా మొదటి యేడు కొంత వింతగా తోచును. అందు రాముని ప్రసక్తి లేదు, రావణ దహనము లేదు. సుమారు డెబ్బదియైదు దినములు సాగు ఆ మహోత్సవమునకు అధిదేవత దంతేశ్వరీదేవి. ఆమె ఛత్రము నెక్కించుకొని పెద్ద కొయ్యరథము వీథులలో కదలును. వేలాది గిరిజనులు అడవితీగెలతో పేనిన మోకులు పట్టి దానిని లాగుదురు. ఆ రథమునకును మన ఓరుగల్లునకును దగ్గరి చుట్టరికము కలదు. ఆ చుట్టరికమునకు మూలపురుషుడు అన్నమదేవుడు. రథమునకు మూలపురుషుడు ఆయన వంశమున జన్మించిన పురుషోత్తమదేవుడు.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమయ్యెను. బందీగా కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు మార్గమధ్యమున మరణించెను. ఆయన సోదరుడు అన్నమదేవుడు గోదావరిని దాటి, ఇంద్రావతీ తీరారణ్యములు చేరి, అచ్చటి నాయకులను జయించి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. దంతెవాడలో నున్న దిక్పాలదేవుని 1703 నాటి శాసనమును ఈ వంశక్రమమునే చెప్పుచున్నది. ప్రజలు చెప్పుకొను కథ మరింత రమ్యమైనది. రాజు ముందు నడువగా దేవి వెనుక వచ్చునట. ఎంత దూరము నడచిన అంత రాజ్యము అతనిది. వెనుదిరిగి మాత్రము చూడరాదు. అందెల సవ్వడియే ఆమె రాకకు గుర్తు. శంఖినీ డంకినీ నదుల సంగమమున దేవి పాదములు ఇసుకలో దిగబడి సవ్వడి ఆగెను. రాజు శంకించి వెనుదిరిగి చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. చరిత్రకారులు ఈ కథను లెక్కలోనికి తీసికొనకపోవచ్చును. కాని ఉన్నదంతయు పోగొట్టుకొని వచ్చిన ఒక వంశము, తన క్రొత్త రాజ్యమును కత్తితో గెలిచిన సొత్తుగా గాక దేవి పెట్టిన భిక్షగా భావించుకొన్నదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

అన్నమదేవుని తరువాత హమీరదేవుడు, భైరవదేవుడు, అటుపిమ్మట పురుషోత్తమదేవుడు. ఈయన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. దసరా రథోత్సవము 1408లో ఆరంభమైనదని బస్తరులో వాడుక. రాజవంశ పట్టికలను అనుసరించు మరికొందరు ఈయన పాలన 1468లో మొదలైనదందురు. ఏ లెక్క చూచినను ఐదు శతాబ్దములు దాటినవి. అప్పటి రాజధాని మధోత. అది నేడు బస్తరు గ్రామమునకు సమీపమున నున్న చిన్న పల్లె.

పురుషోత్తమదేవుడు జగన్నాథ భక్తుడు. తాతతండ్రులు దేవి దయవలన పొందిన రాజ్యము తన చేతికి వచ్చినది. అందుకు కృతజ్ఞతగా పూరీకి పోయి స్వామిని సేవింపవలెనని ఆయన సంకల్పించెను. ఏనుగుపై పోవలసిన రాజు పొర్లుదండములతో పోయెనని చెప్పుదురు. మధోత నుండి పూరీకి వందల మైళ్ల దూరము. నడుమ కొండలు, వాగులు, పులులు తిరుగు అడవులు. అంత దూరమును ఆ విధముగనే పోయెనా, కొంత నడచెనా అను విచారము ఇచ్చట అనవసరము. గమనింపదగినది మరియొకటి. రాజ్యము పాదుకొని ఎంతో కాలము కాలేదు. అట్టి స్థితిలో రాజు నెలల తరబడి రాజధానిని విడుచుట సింహాసనమును పణముగా పెట్టుటయే. తన సొమ్ము కాదనుకొన్నవాడే అట్లు విడిచి పోగలడు. ఆయన వెంట గిరిజన ప్రజలును పోయిరనియు, భత్రా తెగవారికి యజ్ఞోపవీతము ఆ యాత్రలోనే లభించినదనియు ఐతిహ్యము కలదు.

పూరీలో రాజు బంగారమును, రత్నాభరణములను స్వామికి సమర్పించెను. స్వామి అర్చకునకు స్వప్నమున కనుపించి, ఈ భక్తునకు రథపతి యను బిరుదమును, పదునారు చక్రముల రథమును ఒసగుమని ఆనతిచ్చెనట. పూరీలో జగన్నాథుని నందిఘోష రథమునకు చక్రములు పదునారు. బలభద్రుని దానికి పదునాలుగు. సుభద్ర దానికి పండ్రెండు. అనగా స్వామి తన రథమునకు సాటియైన రథమునే ఆయనకు ఇప్పించెనన్నమాట. మరియొక రాజైనచో దానిపై తన ధ్వజము నెత్తి ఊరేగెడివాడే.

పురుషోత్తమదేవుడు తిరిగి వచ్చి ఆ కానుకను పంచిపెట్టెను. నాలుగు చక్రముల రథమును జగన్నాథునకే అర్పించెను. మిగిలిన పండ్రెండు చక్రములను దంతేశ్వరి ఉత్సవమునకు ఇచ్చెను. అంత పెద్ద రథము బస్తరు బాటలలో కదలదు కనుక విడదీసెనని కొందరందురు. అదియు నిజమే కావచ్చును. అవసరము కొలది పంచినను, మొదటి పాలు ఇచ్చినవానికే చెల్లించుట మాత్రము ఆయన బుద్ధి.

జగన్నాథుని పాలు గోంచా పండుగయైనది. పూరీలోని గుండిచా యను పేరే బస్తరు నోట గోంచాగా మారినది. ఆషాఢమున జరుగు ఈ రథయాత్రను, ఆనాడు పూరీ ప్రాంతమునుండి వచ్చి స్థిరపడిన ఆరణ్యక బ్రాహ్మణుల వంశీయులు నేటికిని నిర్వహించుచున్నారు. గిరిజనులు వెదురు గొట్టములలో అడవికాయలు కూర్చి పేల్చి స్వామికి వందనము సలుపుదురు. ఆ గొట్టమును వారు తుపికి యందురు. మన తుపాకి చెవిని బడినట్లే యుండును.

దంతేశ్వరి పాలు దసరా రథము. తరువాతి రాజుల కాలమున ఆ పండ్రెండు చక్రములును నాలుగు, ఎనిమిది చక్రముల రెండు రథములుగా విడినవి. రాజధాని మధోత నుండి బస్తరునకు, పదునెనిమిదవ శతాబ్దమున జగదల్‌పురమునకు మారినది. ఆచారము మాత్రము చెడలేదు. ఝారుమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ వడ్రంగులు బాడిసెలతో చెక్కినదే రథము; కిలేపాల్ ప్రాంతపు మాడియాలు లాగినదే రథము. ఉత్సవారంభమునకు అనుమతి నిచ్చునది రాజు కాడు. ముండ్ల ఊయెలపై శయనించి కాఛిన్ దేవి ఆవేశముతో పలుకు ఒక చిన్న బాలిక. అది మొదలు పూర్వము రాజులు పాలనభారమును దివానునకు అప్పగించి, పండుగ ముగియువరకు అమ్మవారి సేవకులుగా నుండెడివారు. రాజునకు బదులుగా హల్బా తెగకు చెందిన జోగి యొకడు నవరాత్రములు గోతిలో కదలక కూర్చుండి తపస్సు చేయును. వీనిలో పురుషోత్తముడు ఏర్పరచినవెన్ని, తరువాతివెన్ని యని విడదీసి చెప్పుట కష్టము. ఐనను ఏటేట రాజు చేత రాజ్యమును కొన్నాళ్లు క్రింద పెట్టించిన ఈ ఏర్పాటు, రాజ్యమును వదలి పూరీకి పొర్లుచు పోయిన ఆ రాజు పోకడకు సరిగా అతుకును.

విజయదశమి రాత్రి మాడియాలు రథమును దొంగిలించి ఊరి వెలుపలి కుమ్డాకోట్‌ తోపునకు లాగికొని పోవుదురు. మరునాడు రాజవంశీయులు వారి కడకు పోయి, వారితో కలిసి క్రొత్త బియ్యపు అన్నము తిని, రథమును బ్రతిమాలి తెచ్చుకొనవలెను. 1948లో బస్తరు సంస్థానము భారతదేశమున విలీనమైనది. ఒకప్పుడు ఛత్రముతో పాటు రాజును రథముపై కూర్చుండెడివాడు. ఇప్పుడు అందు దంతేశ్వరి ఛత్రమును, దానిని పట్టుకొన్న పూజారియు మాత్రమే యుందురు.