మన ఆకలిని పటం తీసిన దొర

పోయిన ఎండాకాలం మా ఊరి పిల్లగాడొకడు వాట్సప్ స్టేటస్‌లో పాత ఫొటో ఒకటి పెట్టినాడు. ఎముకలకు తోలు అతికించినట్లుండే మనుషులు, ఏడెనిమిది మంది. కొందరు నేలమీద కూర్చోనుండారు, కొందరు వెనకాల నిలబడుకోనుండారు. ముందర ఒక పసిబిడ్డ, కడుపు లోపలికి పోయి పక్కటెముకలు లెక్కబెట్టేటట్లుండాది. కింద బెంగాల్ కరువు, 1943 అని రాసినాడు.

నేను వానికి ఫోన్ చేసినా. అది బెంగాల్ కాదురా, మన సీమను తిన్న కరువే, బెంగాల్ కరువుకంటే అరవై ఐదేండ్ల ముందరిది అని చెప్పినా. వాడు నమ్మలేదు. ఆ కాలంలో ఫొటోలు యాడివి, ఎవరు తీసినారు అని అడిగినాడు. ఫోన్లో సగమే చెప్పగలిగినా. మిగిలిన సగం ఇక్కడ రాస్తాండా. ఆ ఫొటో మీ ఫోన్లలో కూడా ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటాది.

తీసినాయన పేరు విల్లోబీ వాలెస్ హూపర్. 1837లో లండన్‌లో పుట్టినాడు. చిన్న వయసులో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కొన్నేండ్లు పనిచేసి, 1858లో సైన్యంలో చేరి మద్రాసు గుర్రపుదళానికి వచ్చినాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏండ్లు. 1857 తిరుగుబాటు అణిగి, కంపెనీ పోయి రాణి రాజ్యం వచ్చిన సంవత్సరమది. ఈ దేశంలో ఎవరెవరు ఉండారు, ఎవరిని నమ్మొచ్చు, ఎవరిని నమ్మకూడదు అని దొరలకు భయం పట్టుకుండె. ఆ భయంలోంచే ఒక పెద్ద పని మొదలైంది. దేశంలోని కులాలను, తెగలను ఫొటోలు తీసి పుస్తకాలు వేయడం. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలు అచ్చేసినారు, నాలుగు వందలకు పైగా ఫొటోలతో. వాటికి ఫొటోలు తీసిచ్చినవాళ్లలో హూపర్ ఒకడు. సైన్యం పని పక్కనపెట్టి, సాగర్, నాగపూర్ ప్రాంతాల్లో తిరిగి మనుషులను నిలబెట్టి తీసినాడు. ఆ పుస్తకాల్లో మనిషి పేరు కంటే కులం పేరు ముఖ్యం. కొన్ని కులాల పక్కన వీళ్లు ఎట్లాంటోళ్లో కూడా దొరలే తీర్పు రాసిపెట్టినారు.

ఆ కాలంలో పటం తీయడమంటే ఇప్పుడు మనం ఫోన్ ఎత్తినట్లు కాదు. ముందు గాజు పలక శుభ్రంగా తుడవాల. దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోయాల. అది పేలుడు దూదిని ఈథరులో, సారాయిలో కరిగించి చేసేది. తర్వాత చీకటి గుడారంలో ఆ పలకను వెండి లవణం నీళ్లలో ముంచాల. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాల, తడి ఆరకముందే మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాల. మన ఎండలకు ఆ తడి ఎంతసేపు ఉంటాదో మీకు చెప్పాల్సిన పనిలేదు. గుడారం, పెట్టెలు, సీసాలు, గాజు పలకలు, కడగడానికి నీళ్లు. ఇవన్నీ మోసేదానికి ఎద్దులబండి, నలుగురు కూలోళ్లు. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం కొన్ని సెకండ్ల పాటు కదలకూడదు. కదిలితే మసక.

హూపర్‌కు దీంట్లో మంచి చేయి కుదిరింది. సైన్యంలో పశువుల డాక్టరు జార్జ్ వెస్టర్న్ అనే ఆయనతో కలిసి పటాలు తీసి అమ్మినాడు కూడా. వాళ్లు పులి వేట మీద తీసిన వరస చానా పేరు పొందింది. పులి కబురు వచ్చిన కాడ నుంచి చర్మం వలిచేదాకా ఒక కథలాగా ఉంటాది. అయితే అది నిజంగా వేట జరుగుతాంటే తీసింది కాదు, కూర్చి, నిలబెట్టి తీసింది. దూకే పులిని తీసేంత వేగం ఆనాటి కెమెరాకు లేదు. నేను దాన్ని తప్పు పట్టను. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ మనిషి పటం ఎట్ల రావాలనుకుంటే ఎదురుగా ఉండేదాన్ని అట్ల అమర్చుకునే రకం.

ఇంక 1876. మన పెద్దోళ్లు ధాత కరువు అంటారే, అది. ఆ సంవత్సరం పేరు ధాత. రెండు వానలూ ఎగ్గొట్టినాయి. ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండె. ఎమ్మిగనూరు కూడా ఆదోని తాలూకాలోనే. 1953లో గదా మనం కర్నూలు జిల్లాలోకి వచ్చింది. జొన్న లేదు, కొర్ర లేదు, గొడ్లకు మేత లేదు. ఆదోని మీదుగా పోయే మద్రాసు - బొంబాయి రైలు లైను అప్పటికే అయిపోయింది, 1871లో రాయచూరు కాడ రెండు వైపులా కలిపేసినారు. రైలుంటే కరువు రాదని దొరల నమ్మకం. రైలు గింజలు తెచ్చింది నిజమే. కొనేదానికి మనోళ్ల చేతిలో దుడ్డు లేకపాయె. నేసిన గుడ్డ కొనేటోడు లేడు, పొలంలో కూలి లేదు. ఇంకో పక్క అవే ఏండ్లలో ఈ దేశం గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతానే ఉండె.

1877 జనవరి ఒకటిన వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో పెద్ద దర్బారు చేసి విక్టోరియాను ఈ దేశానికి చక్రవర్తినిగా చాటించినాడు. రాజులను, నవాబులను పిలిచి రోజుల తరబడి పండగ చేసినారు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు వైపు పంపినారు, కరువు ఖర్చు తగ్గించమని. ఆయన అంతకుముందు 1874లో బీహార్ కరువులో బాగా ఖర్చు పెట్టి జనాన్ని బతికించినాడు. దుబారా చేసినావని పైనోళ్లు తిట్టినారు. ఈసారి ఆ మచ్చ పోగొట్టుకోవాలనుకున్నాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మొగోనికి దినానికి ఒక పౌండు గింజలు, దాని మీద చిల్లర. ఒక పౌండు అంటే అర కిలో కూడా కాదు. దినమంతా గడ్డపార ఎత్తేటోడు దాంతో ఎట్ల బతుకుతాడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా కొట్లాడినాడు. కొన్ని నెలలకు కూలి పెంచినారు. అప్పటికి పోవాల్సినోళ్లు పోయినారు.

లెక్కలు రెండే చెప్తా. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్లారి జిల్లాలో ఐదుగురిలో ఒకరు తగ్గినారు. కర్నూలు జిల్లాలో నలుగురిలో ఒకరు. మీ వీధిలో ఒక కొస నుంచి ఇండ్లు లెక్కబెట్టుకుంటూ పోయి ప్రతి నాలుగో ఇంటికి తాళం వేసి చూడండి.

మా అవ్వ వాళ్ల అవ్వ ఆ కరువులో పదేండ్ల పిల్ల. నాగజెముడు పండ్లు తిని నోరంతా ముండ్లు గుచ్చుకున్న సంగతి ఆమె చెప్తే మా అవ్వ విన్నది, మా అవ్వ చెప్తే నేను విన్నా. ఆమెకు తోడబుట్టినోళ్లు ముగ్గురు పోయినారంట. మా అవ్వకు ఇద్దరి పేర్లు గుర్తుండె. మూడో పేరు ఎంత గింజుకున్నా రాలేదు.

ఆ కరువులోకే హూపర్ కెమెరా తీసుకుని వచ్చినాడు. అప్పటికి నలభై ఏండ్లోడు, ఆరితేరినోడు. మద్రాసు ఇలాకాలో కరువు మనుషులను తీసినాడు. బక్కచిక్కిన కుటుంబాలు, తల్లీబిడ్డలు, గంజి కోసం వచ్చినోళ్లు. ఆ ఫొటోలు చూస్తే ఒక సంగతి తెలుస్తాది. మనుషులు ఎట్లబడితే అట్ల పడిలేరు. వరసగా ఉండారు. పొట్టోళ్లు ముందర, పొడుగోళ్లు వెనకాల, ఒకరిని ఒకరు అడ్డం లేకుండా. పెండ్లి ఫొటోకి నిలబెట్టినట్లు. కూర్చోలేనోన్ని కూర్చోబెట్టి, నిలబడలేనోన్ని నిలబెట్టి, కదలొద్దని చెప్పి తీసిన ఫొటోలవి. కదిలే శక్తి లేదు కాబట్టి మసక కూడా రాలేదు.

ఆయన మీద ఆనాడే నింద వచ్చింది. పటాలు తీసుకున్నాడే గానీ వాళ్లకు తిండి పెట్టలేదు, మందు ఇప్పించలేదు, పని అయిపోయినాక పంపించేసినాడు అని. ఆయన తరఫున కూడా ఒక మాట చెప్పాల. కండ్లతో చూడకపోతే లండనోళ్లు నమ్మరు. మద్రాసులో పత్రిక నడిపిన విలియం డిగ్బీలాంటోళ్లు అరిచి అరిచి చెప్పినాక, 1877లో లండన్‌లో చందాలు మొదలుపెట్టి లక్షల పౌండ్లు పోగుచేసి పంపినారు. అప్పటి పత్రికలకు ఫొటోను నేరుగా అచ్చు వేసే తెలివి రాలేదు. బొమ్మగా చెక్కి వేసేటోళ్లు. ఆ ఏడాది అక్టోబరులో గ్రాఫిక్ అనే లండన్ పత్రికలో మన బళ్లారి జిల్లా బొమ్మలు వచ్చినాయి. దిక్కులేకుండా మిగిలిన ఇద్దరు పిల్లలు ఒకదాంట్లో, చావుకు దగ్గరపడిన గొడ్లూ మనుషులూ ఇంకోదాంట్లో. అట్లాంటి బొమ్మలు చూసి జేబులో చెయ్యి పెట్టినోళ్లు ఉంటారు. బొమ్మ వల్ల మేలు జరిగింది అనేది ఒక లెక్క, తీసినోడు మేలు చేసినాడు అనేది ఇంకో లెక్క. రెండూ కలపకూడదు.

ఆయన మనసు ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే తొమ్మిదేండ్లు ముందుకు పోవాల. 1885 చివర ఇంగ్లీషోళ్లు బర్మా రాజ్యం మీదికి పోయి మాండలే పట్టుకున్నారు. ఆ దండులో మద్రాసు సిపాయిలు కూడా ఉండిరి. హూపర్ అక్కడ ప్రొవోస్ట్ మార్షల్. అంటే సైన్యం తరఫున పట్టుబడినోళ్లకు శిక్షలు అమలు చేయించే అధికారి. తిరగబడిన బర్మా వాళ్లను దోపిడీగాళ్లు అని పేరు పెట్టి గోడకు నిలబెట్టి కాల్చేస్తాండ్రి. 1886 జనవరిలో హూపర్ అట్లాంటి చోట కెమెరా పెట్టినాడు. తుపాకులు గురిపెట్టమని చెప్పినాక, కాల్చమనే ఆజ్ఞకు ముందర, పలక సిద్ధమయ్యేదాకా ఆపించినాడని ఆరోపణ. గుండు తగిలే క్షణంలో మనిషి మొకం ఎట్లుంటాదో పట్టుకోవాలని ఆయన కోరిక.

టైమ్స్ పత్రిక విలేకరి మోయ్‌లాన్ ఈ సంగతి లండన్‌కు తంతి కొట్టినాడు. పార్లమెంటులో అడిగినారు. విచారణ జరిగింది. ఒక ఖైదీని చంపుతామని గోడకు నిలబెట్టి బెదిరించి మాట రాబట్టినాడనేది ఇంకో నేరం. చివరికి మందలించి వదిలేసినారు. 1887లో బర్మా మీద వంద ఫొటోలతో ఆయన పుస్తకం వచ్చింది. మాండలే కోట, వీధులు, నది, పడవలు, అంగడి, అక్కడి ఆడోళ్లు, మొగోళ్లు. ఒక దేశం నగరాలు, దినం గడిచే తీరు ఎట్లుండెనో ఈ పొద్దు తెలుసుకోవాలంటే పనికొచ్చే పుస్తకమే. ఫొటోలు బాగుంటాయి కూడా. అట్లాంటి మనిషి తీసినవి ఇంత బాగుండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత కూడా ఉద్యోగం చేసి, 1896లో రిటైరై, ఇంగ్లండులో డెవాన్ వైపు ఒక పల్లెలో ఉండి, 1912లో చచ్చిపోయినాడు. డెబ్బై ఐదేండ్లు బతికినాడు. ఆయన పటాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ, వెల్‌కమ్ సంస్థ వంటి చోట్ల భద్రంగా ఉండాయి. వాటిలో చానా వరకు మనం కూడా ఫోన్లో తెరిచి చూసుకోవచ్చు. పటం కింద తీసినాయన పేరు ఉంటాది. మద్రాసు కరువు అని ఉంటాది. కూర్చున్నోళ్ల పేరు ఒక్కటీ ఉండదు.

ఇది ఎప్పటి ముచ్చటో అనుకోవద్దు. రెండేండ్ల కింద మా చిన్నమ్మ వాళ్లు మిరపకాయలు కోసేదానికి గుంటూరు వైపు వలస పోతాంటే, మినీ లారీ కాడికి ఎవరో కారులో వచ్చి ఫొటోలు తీసుకున్నారు. బియ్యం మూట మీద కూర్చోమన్నారు, బిడ్డను ఒళ్లో పెట్టుకోమన్నారు, నవ్వొద్దన్నారు. పేరు అడగలేదు. కొన్నాళ్లకు ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో తిరిగి తిరిగి నాకే వచ్చింది, కరువు సీమ కన్నీళ్లు అని పెద్ద అక్షరాలతో. చిన్నమ్మకు చూపిస్తే ఏడవలేదు, కోపం చేయలేదు. ఆ పొద్దు నేను తల దువ్వుకోలేదు గదరా అనింది అంతే. నాకే రెండు దినాలు అన్నం సయించలేదు.

మనం కూడా ఫోన్లు పట్టుకుని తిరిగేటోళ్లమే. జాతర ఫొటో తీస్తాం, యాక్సిడెంట్ ఫొటో తీస్తాం. బియ్యం పంచేటప్పుడు తీసుకునేటోని మొకం తీస్తాం, మన మొకం నవ్వుతూ పక్కన పెడతాం. నేనూ తీసినా అట్లాంటివి. లాక్‌డౌన్‌లో ఆదోని స్టేషన్ రోడ్డులో తీసినవి ఇంకా నా ఫోన్లో ఉండాయి. ఎవరి పేరూ నాకు తెలీదు.

ఇంక మా ఊరి పిల్లగాని సంగతి. వాడు రెండు దినాల తర్వాత ఆ స్టేటస్ మళ్లీ పెట్టినాడు. ఈసారి బెంగాల్ తీసేసి ధాత కరువు, 1877, మద్రాసు ఇలాకా అని రాసినాడు. ఇంట్లో వాళ్ల జేజికి కూడా చూపించినాడంట. ఆమెకు కండ్లు సరిగా కనపడవు. ఫోన్‌ను మొకం దగ్గరికి పట్టుకుని, వేలితో ఒక్కొక్క మనిషినీ తడుముకుంటా పోయి, ఆ బిడ్డ కాడ ఆగి, వీళ్లు ఎవరింటోళ్లు అని అడిగిందంట.